హీరోగారూ... ఊపిరి బిగపట్టకండి!

దుర్యోధనుడు మడుగులో దాక్కునే సీను మన పౌరాణికాల్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. జలస్తంభన విద్య తెలిసిన రారాజు గనక నీళ్లడుగున నిబ్బరంగా కూచుంటాడు. గట్టుమీద భీమసేనుడు నానా మాటలూ అంటాడు. పౌరుషం పొడుచుకొచ్చి రారాజు గదతో సహా పైకి లేస్తాడు. హాల్లో ఈలలు! అంతసేపూ ఆయన ఊపిరి ఎలా పీల్చాడని నేల టిక్కెట్టువాడు గానీ, బాల్కనీవాడు గానీ అడగడు. విద్య ఉంది కదా మరి!

జానపద వీరుడికి ఆ విద్య లేదు. అందుకని తామరతూడు ఒకటి విరిచి నోట్లో పెట్టుకుని చెరువులో మునుగుతాడు. రాజభటులు గట్టంతా గాలించి, కళ్లెదుట కదులుతున్న ఆ తూడు కేసి మాత్రం చూడకుండా వెళ్లిపోతారు (రాజభటులు ఎప్పుడూ అంతే). సాంఘికాల్లోకి వచ్చేసరికి నల్ల రబ్బరు సూటు, వీపున సిలిండరు, కాళ్లకి కప్పపాదాల్లాంటి ఫిన్లు వచ్చాయి. ఇంగ్లీషు చిత్రాల్లో జేమ్స్ బాండుగారికి ఆ పాటి బరువు కూడా గిట్టదు. చుట్టముక్కంత యంత్రాన్ని పళ్లతో కరిచిపట్టుకుని సముద్రంలో షికారు చేస్తాడు.

"ఆ చిన్న యంత్రం నిజంగా ఉందా సార్? ఉంటే ఎక్కడ దొరుకుతుంది?" అని ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఒక్క ముక్కలో జవాబు: లేదు. కానీ ఎందుకు లేదో చెప్పుకుంటే నీళ్లకింద తీసిన సీన్ల వెనకాల ఉన్న అసలు కథ బయటికొస్తుంది. ఆ కథలో కొందరు చచ్చి బతికారు. కొందరు బతకలేదు.

ముందు తామరతూడు సంగతి తేల్చేద్దాం. ఒక ఘనపుటడుగు నీరు సుమారు 28 కిలోలు తూగుతుంది. మీ ఛాతీ వైశాల్యం ఒక చదరపుటడుగు అనుకుందాం. మూడడుగుల లోతున ఉంటే దాని మీద నిలబడే నీటి బరువు 85 కిలోలు. అంటే నిండు ధాన్యం బస్తాను గుండెలమీద పెట్టుకుని ఊపిరి పీల్చాలన్నమాట! తూడులోంచి వచ్చేది గట్టుమీది మామూలు గాలి. దానికి ఆ బస్తాను లేపే శక్తి లేదు. మీ పక్కటెముకల కండరాలకీ లేదు. పైగా మీరు వదిలిన చెడు గాలే గొట్టంలో నిలిచిపోయి మళ్లీ మీ లోపలికే వస్తుంది. ఈతగాళ్లు వాడే స్నార్కెల్ గొట్టం అడుగూ అడుగుంపావు మించి పొడుగుండదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది గదా. జానపద వీరుడు నిజంగా మూడడుగులు మునిగి ఉంటే, రాజభటులకి వెతికే శ్రమ లేకుండా తనే పైకి తేలేవాడు.

అసలు కిటుకు ఏమిటంటే, చుట్టూ ఉన్న నీరు ఎంత గట్టిగా నొక్కుతోందో లోపలికొచ్చే గాలి కూడా అంత గట్టిగా రావాలి. ఎక్కువైనా కుదరదు, తక్కువైనా కుదరదు. లోతు మారిన కొద్దీ అదీ దానంతటదే మారాలి. సముద్రంలో ప్రతి 33 అడుగులకీ మన వాతావరణపు ఒత్తిడి ఒక వంతు చొప్పున పెరుగుతుంది. ఒడ్డున ఒకటి, 33 అడుగుల దగ్గర రెండు, 66 దగ్గర మూడు, 99 దగ్గర నాలుగు. ఈ లెక్క గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ పని పడుతుంది.

ఇంత నాజూకైన పని చేసే పరికరం ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు? యుద్ధకాలపు పారిస్‌లో, కారు ఇంజనులోంచి! పెట్రోలు కరువై జనం వంటగ్యాసుతో కార్లు నడుపుకుంటున్న రోజులు. ఇంజనుకి కావలసినప్పుడు కావలసినంత గ్యాసు మాత్రమే వదిలే చిన్న వాల్వు ఒకదాన్ని ఎమిల్ గాన్యాఁ అనే ఇంజనీరు తయారుచేశాడు. ఫ్రెంచి నౌకాదళంలో పనిచేసే జాక్ కూస్తో అది చూసి, ఇంజను బదులు మనిషిని పెడితే అన్నాడు. పారిస్ దగ్గర మార్న్ నదిలో చేసిన మొదటి పరీక్ష సరిగా కుదరలేదు. తలకిందులుగా ఉంటే గాలి ఒక తీరుగా, నిలువుగా ఉంటే ఇంకో తీరుగా వచ్చింది. వదిలే గాలి పోయే రంధ్రాన్ని పీల్చే గాలి వచ్చే చోటి పక్కనే పెట్టేసరికి సరిపోయింది. అది 1943. ఆ పరికరానికి ఆక్వాలంగ్ అని పేరు పెట్టారు. ఈనాటికీ డైవర్ నోట్లో ఉండే రెగ్యులేటరు దాని వంశంలోదే.

కూస్తో మన సినిమావాడే సుమండీ! ఆయనా, అప్పటికి కుర్రవాడైన లూయీ మాల్ కలిసి తీసిన "ది సైలెంట్ వరల్డ్" 1956లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి కొట్టేసింది. తరువాత డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కారూ వచ్చింది.

ఇక్కడ ఒక పొరపాటు మాట సరిదిద్దాలి. మన పత్రికల్లోనూ, డబ్బింగు చిత్రాల్లోనూ డైవర్ వీపుమీది దాన్ని "ఆక్సిజన్ సిలిండర్" అంటూ ఉంటారు. మామూలు స్కూబా డైవర్ పీల్చేది మీరూ నేనూ పీల్చే గాలే, కాకపోతే కూరి నింపింది. వట్టి ఆక్సిజన్ అయితే 20 అడుగుల లోతు దాటాక విషంతో సమానం. ముందస్తు హెచ్చరిక లేకుండా మూర్ఛ వస్తుంది, నోట్లోంచి రెగ్యులేటరు జారిపోతుంది. కూస్తోకే ఆక్వాలంగ్‌కి ముందు రోజుల్లో వట్టి ఆక్సిజన్ పరికరంతో దిగి రెండుసార్లు మూర్ఛ వచ్చింది, సుమారు 45 అడుగుల దగ్గర. బతికి బయటపడ్డాడు కనకనే మనకి ఆక్వాలంగ్ దక్కింది. కాబట్టి డైలాగు రచయితలారా, ఇకమీదట "గాలి సిలిండర్" అని రాయండి బాబూ!

ఇప్పుడు బాండుగారి యంత్రం. అది "థండర్‌బాల్" చిత్రంలోది, 1965 నాటిది. బహామా దీవుల్లో తీసిన ఆ నీటియుద్ధాలు అప్పట్లో ప్రపంచమంతా నోళ్లు తెరుచుకుని చూసింది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కారు వచ్చింది. ఆ చిత్రపు కళావిభాగంలో పనిచేసిన పీటర్ లామాంట్ తరువాత రోజుల్లో ఒక తమాషా చెప్పేవారు. చిత్రం చూసి బ్రిటిష్ సైన్యపు ఇంజనీర్ల విభాగం నుంచి ఒకాయన ఫోను చేశాట్ట... ఆ యంత్రంతో ఎంతసేపు ఉండొచ్చు అని. "మీరు ఎంతసేపు ఊపిరి బిగపట్టగలిగితే అంతసేపు" అన్నాడట ఈయన. అవతల ఫోను పెట్టేశారు. సైన్యంవారే నమ్మారంటే మన పాఠకుణ్ణి ఏమనగలం?

లెక్క చూద్దాం. మామూలు స్కూబా సిలిండరు 12 లీటర్లది, వాతావరణానికి 200 రెట్ల ఒత్తిడితో నింపుతారు. అంటే 2400 లీటర్ల గాలి. ఈదుతున్న మనిషికి నీటిపైన నిమిషానికి సుమారు 20 లీటర్లు కావాలి. అంటే రెండు గంటలు. 33 అడుగుల దగ్గర ఒత్తిడి రెట్టింపు గనక గాలీ రెట్టింపు ఖర్చవుతుంది. గంటే వస్తుంది. 99 అడుగుల దగ్గర అరగంట. ఆపద సమయానికి కొంత మిగుల్చుకోవాలి గనక ఇంకా తక్కువే. ఇక బాండుగారి చుట్టముక్క... ఒక్కో వైపు 15 మిల్లీలీటర్లు పట్టే చిన్న గొట్టాలు రెండు అనుకుందాం. అంతే గట్టిగా కూరినా మొత్తం ఆరు లీటర్లు. నాలుగైదు గుక్కలు! లోతుకు దిగితే రెండు. షార్కు చేప ఈ పక్కనుంచి ఆ పక్కకు తిరిగేలోపు బాండు పని సరి. (అన్నట్టు ఆ చిత్రంలో షార్కులకీ షాన్ కానరీకీ మధ్య పారదర్శకపు ప్లాస్టిక్ గోడ పెట్టారు. అది పూర్తిగా మూసుకోలేదు. షార్కు సందులోంచి వచ్చేసరికి కానరీ కొలనులోంచి పైకి ఉరికిన తీరులో నటన లేశమైనా లేదంటారు.)

సినిమా చూసి మోసపోవడం పాతకాలపు జబ్బేమీ కాదు. 2016లో ట్రైటన్ అనే పేరుతో కొందరు ఇంటర్నెట్‌లో చందాలు వసూలు చేశారు. నోట్లో పెట్టుకుంటే చేప మొప్పల్లాగా నీళ్లలోంచే గాలి తీసిస్తుంది, 15 అడుగుల లోతున 45 నిమిషాలు ఉండొచ్చు అన్నారు. లక్షల డాలర్లు పోగయ్యాయి. శాస్త్రజ్ఞులు గట్టిగా నిలదీసేసరికి డబ్బు వాపసు ఇచ్చారు. ఇప్పుడు అరలీటరు సిలిండర్లు కూడా అమ్ముతున్నారు. అవి అబద్ధం కాదు గానీ, పైన చెప్పిన లెక్క వేసుకోండి. 33 అడుగుల దగ్గర రెండున్నర నిమిషాలు. ఆ రెండున్నర నిమిషాల తరువాత మీరెలా పైకొస్తారన్నదే అసలు ప్రశ్న. ఆ సంగతి పెట్టెమీద రంగుల బొమ్మ చెప్పదు.

పైకి రావడమే కష్టం. దిగడం కాదు. ఈ ముక్క అర్థం కావాలంటే జేమ్స్ కామెరాన్ దగ్గరికి వెళ్లాలి.

"టైటానిక్" తీసిన కామెరానే. దానికి ముందు, 1989లో విడుదలైన "ది అబిస్" చిత్రం కోసం ఆయన అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో గాఫ్నీ అనే ఊరికి వెళ్లాడు. అక్కడ కడుతూ కడుతూ మధ్యలో వదిలేసిన అణువిద్యుత్ కేంద్రం ఒకటి ఉంది. అణుయంత్రం పెట్టాల్సిన ఆ పెద్ద కాంక్రీటు బానను 75 లక్షల గ్యాలన్ల నీళ్లతో నింపి, అడుగున సెట్టు వేశాడు. లోతు 55 అడుగులు. సూర్యుడి వెలుగు పడకుండా నీటిమీద నల్లపూసలు పరిచారు! నిజం పూసలు కాదు లెండి, ప్లాస్టిక్కువి. పైన టార్పాలిన్ కప్పారు. గాలివానకి అది చిరిగిపోతే షూటింగు రాత్రిళ్లకి మారింది. నీళ్లు పాడవకుండా వేసిన క్లోరిన్‌కి జుట్టు రంగులు మారిపోయాయి. నటులందరికీ ముందే డైవింగు నేర్పించారు. మొహం కనపడాలి, మాట వినపడాలి గనక లోపల లైట్లూ మైకులూ ఉన్న హెల్మెట్లు ప్రత్యేకంగా చేయించారు. ప్రతి నటుడి వెనకా కెమెరాకి కనపడకుండా ఒక సేఫ్టీ డైవర్, చేతిలో అదనపు రెగ్యులేటరుతో సిద్ధం. నాకు ఈ చిత్రంలో అన్నిటికన్న నచ్చిన ఏర్పాటు అదే. తెరమీద ఒక మనిషి కనపడితే తెరవెనక ఇంకొకడు వాడి ప్రాణం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

అంత చేసినా ఏం జరిగిందో చూడండి.

ఒకరోజు కామెరాన్ 30 అడుగుల అడుగున కెమెరాతో నిలబడి ఉన్నాడు. నేలమీద నడిచినట్టు నడవాలి గనక కాళ్లకి బరువులు, నడుముకి బరువులు, ఫిన్లు లేవు. ఆయన పెట్టుకున్న హెల్మెట్ ఎలాంటిదంటే ఆఖరి గుక్క దాకా గాలి హాయిగా వస్తుంది, తరువాతి గుక్కకి ఏమీ రాదు. ఆ గుక్క వచ్చేసింది. అందరూ లైట్లు సర్దుకునే హడావిడిలో ఉన్నారు. ఆయన మైకులో నీటిఛాయాగ్రాహకుడు ఆల్ గిడింగ్స్‌ని పిలిచాడు. గిడింగ్స్ గొప్పవాడే, కానీ పాత డైవింగు ప్రమాదంలో కర్ణభేరులు పోయినవాడు. వీపు తిప్పుకుని తన పని తను చేసుకుంటున్నాడు. మిగిలిన కాస్త ఊపిరీ ఆ పిలుపులకే ఖర్చయిపోయింది.

కామెరాన్ హెల్మెట్ ఊడదీసి పైకి బయల్దేరాడు. దారిలో ఒక సేఫ్టీ డైవర్ చూసి, పట్టుకుని, తన అదనపు రెగ్యులేటరు నోట్లో పెట్టాడు. అది పాడైపోయి ఉంది! పీలిస్తే నీళ్లు. ఇంకోసారి పీల్చాడు, మళ్లీ నీళ్లే. ఆ సంగతి డైవర్‌కి తెలియదు. నోట్లో నీళ్లున్న కామెరాన్ చెప్పలేడు. విడిపించుకోబోతే డైవర్ ఇంకా గట్టిగా కిందికి అదిమిపట్టాడు. ఆఖరికి దర్శకుడుగారు అతని మొహంమీద ఒక్కటి గుద్ది, వదిలించుకుని పైకి వచ్చి బతికాడు. మన సినిమాల్లో క్లైమాక్సు ఫైటింగు పది నిమిషాలు. అక్కడ ఒకే ఒక్క గుద్దు!

మీరు ఆ డైవర్‌ని తిట్టుకోకండి. అతనికి నేర్పింది అతను చేశాడు. ప్రాణభయంతో ఉన్నవాణ్ణి ఒక్క ఊపున పైకి పోనివ్వకూడదు. ఎందుకంటారా? ఇందాకటి లెక్క తీయండి. 33 అడుగుల దగ్గర ఒత్తిడి రెండింతలు. అక్కడ సిలిండరు గాలితో ఊపిరితిత్తులు నిండా నింపుకున్నారు, ఆరు లీటర్లనుకోండి. ఊపిరి బిగపట్టి పైకొస్తే ఒత్తిడి సగమవుతుంది, ఆరు లీటర్ల గాలి పన్నెండు లీటర్లవుతుంది. మన ఊపిరితిత్తులు తిరునాళ్లలో బెలూన్లు కావు. చిల్లులు పడి, గాలి నెత్తురులో కలిసి, బుడగలు మెదడుకెక్కుతాయి. లోతు ఎక్కువ అక్కర్లేదు సుమా! నాలుగడుగుల నీళ్లు చాలు. స్కూబా నేర్పే ప్రతి మాస్టారూ మొదటి రోజు చెప్పే మొదటి మాట ఇదే: ఊపిరి బిగపట్టకు. పీలుస్తూ వదులుతూ ఉండు. గాలి అయిపోయి పైకి రావాల్సి వస్తే సన్నగా వదులుతూ రా.

ఇప్పుడు మన సినిమాలకేసి చూడండి. నాయికా నాయకులు సముద్రం అడుగున ఉంటారు. విలన్ నాయకుడి గొట్టం కోసేస్తాడు. నాయిక తన రెగ్యులేటరు తీసి ప్రేమగా అతని నోట్లో పెడుతుంది. అతను గుండెనిండా పీల్చి, బుగ్గలు పూరించి, బాణంలా పైకి దూసుకొస్తాడు. వెనక వయొలిన్లు! ఆ ఒక్క షాటులో డైవింగు పుస్తకం మొదటి పేజీ చింపి పారేసినట్టు. గాలి పంచుకోవడం తప్పుకాదు. అసలు డైవర్లు ఆ పనికోసమే రెండో రెగ్యులేటరు ఒకటి, పసుపు రంగుది, తగిలించుకుని తిరుగుతారు. ఆ బుగ్గలు పూరించడమే చావు.

"ది అబిస్" నాయకుడు ఎడ్ హారిస్‌కీ అలాంటి రోజొకటి వచ్చింది. ఆ చిత్రంలో నాయకుడు గాలి బదులు ఒక ద్రవాన్ని పీల్చి అగాధంలోకి దిగుతాడు. చిత్రంలో ఎలుక ఆ ద్రవంలో ఊపిరి పీల్చడం ట్రిక్కు కాదు, నిజం. 1966లోనే శాస్త్రజ్ఞులు ఫ్లోరోకార్బన్ ద్రవంలో ఎలుకల్ని బతికించి చూపించారు. (బ్రిటన్ సెన్సారువారికి ఎలుకమీద జాలి కలిగి ఆ దృశ్యం కత్తిరించారు.) హారిస్‌ని అలా చెయ్యలేరు గదా, నీళ్లు నింపిన హెల్మెట్ పెట్టుకుని ఊపిరి బిగపట్టి నటించాడు. షూటింగులో ఒకసారి గాలి అందక చావు అంచుదాకా పోయాడు. ఆ రాత్రి కారు నడుపుకుంటూ పోతూ ఏడ్చేశానని తరువాత ఒప్పుకున్నాడు. చాలాకాలం ఆ చిత్రం ఊసెత్తితే మాట్లాడేవాడు కాదు. సేఫ్టీ డైవర్లు, డాలర్లు, శిక్షణ అన్నీ ఉన్నచోట పరిస్థితి అది.

ఏమీ లేనిచోట ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి హాలీవుడ్ దాకా పోనక్కర్లేదు. 2016 నవంబరు 7న బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్లి జలాశయంలో "మాస్తి గుడి" అనే కన్నడ చిత్రం షూటింగు. క్లైమాక్సులో హెలికాప్టర్ మీంచి ముగ్గురు నీళ్లలోకి దూకాలి. కథానాయకుడు దునియా విజయ్, ప్రతినాయక పాత్రలు వేస్తున్న అనిల్, ఉదయ్. ఈత అంతంతమాత్రమేనని వారిద్దరి గురించి ముందే అందరికీ తెలుసు. వారిద్దరికీ లైఫ్‌జాకెట్లు లేవు. ముగ్గురూ దూకారు. కెమెరాలు తిరుగుతున్నాయి. విజయ్ బయటపడ్డాడు. కాసేపు చేతులు ఆడించిన అనిల్, ఉదయ్ మళ్లీ తేలలేదు. వారి మృతదేహాల కోసం రోజుల తరబడి వెతకాల్సి వచ్చింది. దూకే షాటుకి చొక్కాకింద కట్టే పల్చటి లైఫ్‌జాకెట్ ఒకటి, నీళ్లలో ముందే దిగి ఉండే ఇద్దరు ముగ్గురు ఈతగాళ్లు, ఇంజను ఆడుతున్న పడవ ఒకటి... అడగవలసినవి అంతే. మేకప్‌మన్ లేకపోతే షాటు ఆపే యూనిట్లున్నాయి మనకి. ఈతగాడు లేడని ఆపిన యూనిట్ పేరు నేనింకా వినలేదు.

ఊపిరి బిగపట్టి చేసే విద్యలు లేవా అంటే ఉన్నాయి. 1954లో వచ్చిన "క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్"లో నీటిమనిషి వేషం వేసిన రికో బ్రౌనింగ్‌కి ఆ రబ్బరు తొడుగులో సిలిండరు పట్టలేదు. ఫ్లోరిడాలోని వకుల్లా ఊటల్లో నాలుగు నిమిషాల దాకా బిగపట్టి ఈదేవాడు. షాటు అవగానే పక్కనే ఉంచిన గాలి గొట్టం అందుకునేవాడు. ఇందాక చెప్పిన "థండర్‌బాల్" నీటిదృశ్యాలకి దర్శకుడు కూడా ఈయనే. 2022లో వచ్చిన రెండో "అవతార్"కి కామెరాన్ మళ్లీ ఈ దారే పట్టాడు. సిలిండరు పెడితే బుడగలొస్తాయి, బుడగలొస్తే నటుల కదలికల్ని కంప్యూటర్ పసికట్టలేదు. కిర్క్ క్రాక్ అనే గురువు అందరికీ నేర్పాడు. కేట్ విన్‌స్లెట్ ఏకంగా 7 నిమిషాల 15 సెకన్లు బిగపట్టింది.

పైన పీల్చిన ఊపిరితో దిగి, ఆ ఊపిరితోనే పైకొచ్చేవాడికి ఊపిరితిత్తులు పగలవు. దిగేటప్పుడు ముడుచుకున్నవి మళ్లీ మామూలవుతాయి, అంతే. కానీ అతనికి వేరే గండం ఉంది. మనకి ఊపిరాడట్లేదనిపించేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, బొగ్గుపులుసు వాయువు పెరిగినందుకు. మునిగే ముందు గబగబా పదిసార్లు ఊపిరి పీల్చి వదిలితే ఆ వాయువు కొట్టుకుపోతుంది. ఇక లోపల హాయిగా ఉంటుంది. ఇంకాసేపు, ఇంకాసేపు అనిపిస్తుంది. ఈలోపు ఆక్సిజన్ చప్పుడు చెయ్యకుండా అయిపోయి, నొప్పీ బాధా లేకుండా స్పృహ పోతుంది. చెరువులో మునిగి అంకెలు లెక్కపెట్టే ఆట మనందరం ఆడినదే. హాస్టలు కుర్రాళ్లు స్విమ్మింగ్‌పూల్లో పందేలు కాస్తారు. గట్టుమీదివాడు "అబ్బ, ఎంతసేపున్నాడురా!" అని ముచ్చటపడుతూ ఉంటాడు. లోపలివాడికి అప్పటికే స్పృహ ఉండదు. కేట్ విన్‌స్లెట్ పక్కన కళ్లార్పకుండా చూస్తూ ఒక మనిషి ఉన్నాడు. మీ పక్కన?

ఇంకొకటి మిగిలింది, గోళీసోడా జబ్బు. పేరు నేను పెట్టిందే లెండి, డాక్టర్లు డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు, డైవర్లు బెండ్స్ అంటారు. లోతున ఎక్కువసేపు ఉంటే గాలిలోని నత్రజని ఒంట్లో కరుగుతుంది. గబుక్కున పైకొస్తే గోళీ నొక్కిన సోడాలా నెత్తుట్లో బుడగలు లేస్తాయి. కీళ్లు మెలితిరుగుతాయి, ముదిరితే కాళ్లు పడిపోతాయి. అందుకే డైవర్లు నిమిషానికి 30 అడుగులు మించకుండా వస్తారు. ఆఖర్న 15 అడుగుల దగ్గర మూడు నిమిషాలు ఊరికే నిలబడతారు. మన విశాఖపట్నంలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ అనే డైవింగు నౌక 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. అందులోంచి సుమారు వెయ్యి అడుగుల దాకా దిగే ఏర్పాటుంది. అంత లోతునుంచి తిరిగి మామూలు ఒత్తిడికి రావాలంటే ఒక ఉక్కు గదిలో, నూరడుగులకి సుమారు ఒకరోజు చొప్పున గడపాలి. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? 1971లో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరికి దిగిన డైవర్లు వెళ్లింది పాత నిస్తార్ మీంచే. 2017లో రానా నటించిన "ఘాజీ"లో మనం చూసింది ఆ జలాంతర్గామి కథే. దాని శకలాల దగ్గరికి దిగినవాళ్ల కథ ఎవరైనా తీస్తే మొదటి ఆటకి నేనే క్యూలో నిలబడతాను.

మన పాఠకుడు ఉత్తరం చివర "నాకూ నేర్చుకోవాలని ఉంది, వయసు ఇరవై రెండు, వచ్చే నెల పెళ్లి, తరువాత అండమాన్ వెళ్తున్నాం" అని కూడా రాశారు. శుభం! నేర్చుకోండి. ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇస్తారు. అందులో ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛలాంటివి ఉంటే దాచకుండా రాయండి. డాక్టరు సంతకం అడిగితే విసుక్కోకండి. జలుబు చేసి ఉంటే ఆ రోజు దిగొద్దు, చెవులు సర్దుకోవు. సిలిండర్లో గాలి ఎంతుందో చూపే మీటరు మీరే చూసుకోవడం నేర్చుకోండి, గైడు చూస్తాడులే అనుకోవద్దు. ఒక్కరోజు సరదాకి దించేచోట కూడా గైడుకి ఎంతమందిని అప్పజెప్పారో అడగండి. మీ చెయ్యి వదలకుండా ఉండేవాడైతేనే దిగండి. రెగ్యులేటరును నీళ్లలోకి దిగకముందే నోట్లో పెట్టుకుని నాలుగుసార్లు పీల్చి చూడండి. కామెరాన్‌కి అందించినది అలా ఎవరైనా ఆ ఉదయం పీల్చి చూసి ఉంటే ఆ గుద్దు అవసరమయ్యేది కాదు.

ఇంకో సంగతి. ఆఖరి రోజు పొద్దున్న డైవింగు, సాయంత్రం విమానం అని టిక్కెట్లు కొనకండి. పైకెగిరితే విమానంలో ఒత్తిడి తగ్గి ఆ సోడా బుడగలు అక్కడ లేస్తాయి. ఒకసారి దిగితే కనీసం 12 గంటలు, పదే పదే దిగితే 18 గంటలు ఆగాలి. ఆ ఒక్కరోజూ ఇద్దరూ శ్రీ విజయపురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) సెల్యులార్ జైలు చూసి, రాత్రి ఏదైనా సినిమాకి వెళ్లండి. నీళ్లకింద ఫైటింగు ఉన్నదైతే మరీ మంచిది. హీరో బుగ్గలు పూరించగానే మీ ఆవిడకి లెక్క చెప్పొచ్చు.